ఖాయం కాని చాటింపు

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో ఒక ఊళ్లో ప్రతి బుధవారం మేకల అంగడి జరుగుతుంది. ఆ అంగడిని చూసుకునే ఆఫీసు ఏ కొత్త రూలు తెచ్చినా, చుట్టుపక్కల ఊళ్లకూ తండాలకూ పోయి డప్పు కొట్టి చెప్పే పని స్వామిదాసుది. అతని తండ్రీ అదే పని చేశాడు. చెప్పమన్నది ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పడం తన ధర్మమని స్వామిదాసు నమ్మాడు.

2010లో ఎండలు ముదిరే ముందు ఆఫీసు ఒక రూలు పెట్టింది. పశువుల డాక్టరు వచ్చి చూసేదాకా మేకల్ని అమ్మకూడదు. ఆయన వచ్చేది పది దాటాకే. రోగమున్న జీవాలు చేతులు మారకూడదన్నది ఉద్దేశం, అందులో తప్పేమీ లేదు. కానీ తండాల వాళ్లు చీకటితోనే మందను తోలుకొచ్చి, ఎండెక్కకముందే అమ్ముకుని తిరిగిపోతారు. గదిలో కూర్చుని రూలు పెట్టినవాళ్లకు అది తట్టలేదు. వాళ్లు ఎవరినీ అడగనూ లేదు. స్వామిదాసు మాత్రం ఊరూరా తిరిగి చాటాడు.

మే నెలలో ఒక బుధవారం డాక్టరు మరీ ఆలస్యంగా వచ్చాడు. నీడ లేని అంగట్లో, తండా నుంచి వచ్చిన తారి అనే ఆమె మేక నురగలు కక్కుతూ పడిపోయింది. అది కడుపుతో ఉన్న మేక. తారికి భర్త లేడు, ఆ మందే ఆమె బతుకు. స్వామిదాసు పరుగెత్తి బిందెడు నీళ్లు తెచ్చి మేక మీద పోశాడు. అయినా దక్కలేదు. తారి ఏడవలేదు, అతని వైపు చూసి ఒక్కమాట అంది.

"నీ నోటితోనే గదా అన్నా చెప్పినవ్."

ఆ మాట అతన్ని వదల్లేదు. ఆ తర్వాత తారి వాళ్ల తండాలో డప్పు మోగితే జనం ఇండ్లలోకి వెళ్లిపోయేవాళ్లు. ఇంట్లో భార్య నాగవ్వ అన్నం పెడితే సగం కంచంలోనే ఉండిపోయేది. చివరికి అతను ఆఫీసుకు పోయి, ఈ పని ఇంక తన వల్ల కాదన్నాడు.

అప్పుడే కొత్తగా వచ్చిన అధికారి నవత ఎందుకు మానేస్తున్నారని అడిగింది. స్వామిదాసు మెల్లగా చెప్పాడు.

"అంతా అయిపోయినంక చెప్పుమంటరు మేడం. వాళ్లేమంటున్నరో ముందుగాల అడిగేటోళ్లు లేరు. వాళ్ల కోపం నా మీదికే వస్తది."

ఆమె అతన్ని కూర్చోమని, తారి మేక సంగతి మొత్తం విన్నది. ఆ వారం నుంచే డాక్టరును పొద్దుపొడవకముందే రమ్మని ఏర్పాటు చేసింది. కానీ అంతటితో ఆగలేదు. ఏ రూలైనా ఖాయం చేసేముందు జనానికి చాటాలి, అంగడి రోజునే వాళ్ల మాట వినాలి, వాళ్లు అన్నవాటిలో ఆఫీసు ఏది ఒప్పుకుందో ఏది కాదందో కారణంతో సహా చెప్పాలి అని పైవాళ్ల దగ్గర పట్టుబట్టింది. ప్రతిదానికీ జనాన్ని అడుగుతూ కూర్చుంటే పని సాగేదెప్పుడని వాళ్లు విసుక్కున్నారు. ఆమె మళ్లీ మళ్లీ పోయింది. ఏడాది దాటాక, ఈ ఒక్క అంగడి వరకు చేసి చూడమన్నారు. అలాగైతే చాటుతానని స్వామిదాసు మళ్లీ డప్పు అందుకున్నాడు.

మొదటి విషయం రోడ్డు వారగా నిలబెట్టే మేకలది. లారీలు ఎక్కువయ్యాయి కాబట్టి మేకల్ని వెనక మైదానానికి మార్చాలని ఆలోచన. స్వామిదాసు తండాకు వెళ్లి డప్పు కొట్టాడు. బయటికొచ్చింది అక్కడి మేకలవాడు ప్రేమ్‌సింగ్, తారి, ఇంకో ఇద్దరు ముగ్గురు.

"ఇది ఇంకా ఖాయం గాలే. మీరేమంటరో బుధవారం వచ్చి చెప్పుండ్రి" అన్నాడు.

ఎప్పుడూ అనని మాట కావడంతో ఇంకోసారి చెప్పాడు. ప్రేమ్‌సింగ్ నమ్మలేదు. అన్నీ అనుకున్నాకే అడుగుతున్నారేమోనని గొణిగాడు. తారి మాత్రం చివరిదాకా నిలబడి వింది.

బుధవారం రేకుల షెడ్డు కింద నవత కూర్చుంది.  ముందుగా తారి లేచింది. లారీల భయం నిజమేనంది. అయితే మైదానంలో చుక్క నీళ్లు లేవని చెప్పింది. ఆ తర్వాత మిగతావాళ్లకూ మాట వచ్చింది. కొందరు అసలు మార్చొద్దన్నారు, కొందరు మార్చినా ఏడాదికొకసారి మళ్లీ అడగాలన్నారు. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే నవత ఒక్కొక్కరిని ఆపి విన్నది.

నెల తర్వాత స్వామిదాసు మళ్లీ తండాకు పోయాడు. మేకల్ని మైదానానికే మారుస్తారు, కానీ ముందు బోరు, నీళ్ల తొట్టి, నీడకు పందిరి వేశాకే. రోడ్డు వారన ఉండనివ్వమన్నవాళ్ల మాట ఒప్పుకోలేదు, ఎందుకంటే ఆ మూల మలుపులో లారీవాళ్లకు జీవాలు కనబడవు. ఆ కారణం కూడా అతను పూసగుచ్చినట్టు చెప్పాడు. ఒకరిద్దరు గొణుక్కున్నారు. ఎవరూ లోపలికి పోలేదు.

చాటింపు అయ్యాక తారి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"కూసో అన్నా, ఎండల వచ్చినవ్" అంది.

అతను డప్పు దించి వేపచెట్టు నీడన కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత అతనికి ఆకలి తెలిసింది. ప్రేమ్‌సింగ్ పక్కన చతికిలబడి బోరు ఎక్కడ వేస్తే బాగుంటుందో చెప్పడం మొదలుపెట్టాడు. స్వామిదాసు తొందరపడకుండా వింటూ కూర్చున్నాడు.