చెల్లి పెళ్లి వీడియో

చెల్లి పెళ్లిని హెచ్‌డీ కెమెరాతో తీయించాం. ఆ వీడియో మా పాత కంప్యూటర్లో ఆగి ఆగి నడిచేది. అందుకని రాజోలులో కొత్త ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, పెద్ద మానిటర్ కొని, రెండు రోజులు కూర్చుని నేనే బిగించాను. మూడో రోజు పొద్దున్న ఇంటిల్లిపాదీ దాని ముందు చేరారు. బొమ్మ ఎక్కడా ఆగలేదు. చెల్లి జడలో పూలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. నేను పొంగిపోతుంటే అమ్మ, "ఆగరా, కొంచెం వెనక్కి తిప్పు!" అంది.

పందిరి మూలన నాన్నగారు పూతరేకు నోట్లో పెట్టుకుంటున్నారు.

"షుగరుందని అసలు ముట్టుకోలేదన్నారు కదండీ?" అంది అమ్మ.

"ఒక్కటే తిన్నానే, ఒట్టు!"

వీడియో ముందుకు నడిచింది. ఆయన రెండోది అందుకున్నారు. అమ్మ కోపం నిలవలేదు, అందరికంటే ముందు తనే నవ్వేసింది. నాన్నగారు నావైపు తిరిగి, "ఇంత మంచి కంప్యూటర్ ఎందుకు బిగించేవురా?" అన్నారు.