అవ్వ ఫోటో, ఇసుక సంచి

ఆ రోజుల్లో ఫోటో చెడిపోయిందన్న సంగతి రీలు కడిగిన తర్వాతే తెలిసేది. అందుకేనేమో, తీసేటప్పుడు మాకంత ధీమా. నేను బాన్సువాడలో ఒక స్టూడియోలో పనికి కుదిరిన రెండో ఏడు, మా ఓనరన్న దూరంగా ఉన్నవాళ్ళ ముఖాన్ని దగ్గరగా చూపే పొడుగాటి టెలిఫోటో లెన్సు తెచ్చాడు. స్టాండు మీద పెట్టినా, పక్కన ఎవరైనా తుమ్మితే బొమ్మ ఊగేది. ఆ ఊపు ఆపే విద్యంతా నాకు వచ్చేసిందని నమ్మాను. (ఇంకెవరూ నమ్మలేదు.)

ఒకనాడు కోటగిరి వైపు నుంచి ఒక అక్క వచ్చింది. వాళ్ళమ్మను ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారట దవాఖానలో. ఆమెది ఒక్క ఫోటో కూడా లేదు. కెమెరా దగ్గరికొస్తే ఆయుష్షు తగ్గుతుందని ఆ అవ్వకు భయం. లెన్సు పట్టుకుని వెళ్ళాను. వసారాలో మంచం మీద కూర్చున్న అవ్వ, "గా గొడ్ల కొట్టం కాడికెల్లి తీస్కో బిడ్డా. ఇంకో అడుగు ముంగటికేస్తే ఊకోను" అంది.

వసారాలో వెలుతురు తక్కువ. షట్టరు నెమ్మదిగా పడేట్టు పెట్టక తప్పలేదు; అలా పెడితే ఏది కాస్త కదిలినా బొమ్మ చెదురుతుంది. స్టాండు కాళ్ళు వెడల్పు చేసి, కింద ఇసుక నింపిన యూరియా సంచి వేలాడదీశాను. వేలు తగలకుండా నొక్కడానికి కేబులు బిగించాను. బాటన ట్రాక్టరు పోయేదాకా ఆగాను. అయినా లెన్సులో అవ్వ ముఖం వణుకుతూనే ఉంది. ఇంకో నాలుగు దోసిళ్ళ ఇసుక పోశాను. అవ్వ విసుక్కుంది. "ఏందిరా, ఫోటో తీస్తున్నవా, కొంగను పడుతున్నవా? నేను పొయ్యేదాక ఆగుతవా ఏంది?" అక్క నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మూడు తీశాను.

ప్రింట్లు వచ్చేసరికి అవ్వ లేదు. మూడింటిలోనూ మంచం నులక పోగులు లెక్కపెట్టొచ్చు. అవ్వ తల, చేతులు మాత్రం పొగలా చెదిరిపోయాయి. ఓనరన్న చాలాసేపు చూశాడు. "స్టాండు కదల్లేదురా. అవ్వనే వణుకుతున్నది. గంత పెద్ద లెన్సుల చూసినవ్, గది కనవడలేదా?"

క్షమాపణ బస్సులో పదిసార్లు వల్లెవేసుకుని వెళ్ళాను. అక్క ఫోటో అందుకుని, ఆ చెదిరిన చేతుల మీద వేలితో మెల్లగా రాసింది. "గిట్లనే వణుకుతుండె. ముద్ద నోట్లెకు పొయ్యేలోపు సగం ఒళ్ళె పడుతుండె... ఇగ నేనే తినిపిస్తుంటి." ఫోటోను కొంగుతో తుడిచి, "దీన్నే పెద్దగ చేసి ఫ్రేము కట్టియ్యి తమ్మీ" అంది.

పెద్దది చేస్తే ఇంకా చెదిరినట్టు కనిపిస్తుందని చెప్పడానికి అప్పటి నాలోని ఆ ఇరవై రెండేళ్ళ వయసు నిపుణుడు నోరు తెరిచాడు కూడా. ఎందుకో మళ్ళీ మూసేశాడు. వాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గే. ఆ నోరు మూసుకున్నందుకు మాత్రం కాస్త మెచ్చుకుని నవ్వుకుంటాను.