ఎవాజియో మేస్త్రి ఇంజను మూతలు

ఎవాజియో మేస్త్రికి ఒకదానిలా ఇంకొకటి ఉంటే గిట్టదు. ఆయన మేజోళ్ళు కూడా ఏ రెండూ ఒకే రంగువి కావు. "రెండు కాళ్ళూ ఒకేలా ఉన్నాయా? మేజోళ్ళెందుకలా ఉండాలి?" అనేవారు.

అలాంటి మనిషిని ఇటలీలోని తూరిన్‌లో మా ఫ్యాక్టరీవాళ్ళు యుద్ధ విమానాల ఇంజను మూతల పనికి పెద్దగా పెట్టారు. మేం పదకొండుమంది ఆడవాళ్ళం రేకును కొయ్య సుత్తులతో కొట్టి వంచేవాళ్ళం. ఆయన అరచేత్తో నిమిరి, లోపల సుద్దతో విమానం నంబరు వేసేవారు. ఆ మూత ఆ విమానానికే. పక్కదానికి పట్టదు.

ఒకసారి వైమానిక స్థావరం నుంచి ఉత్తరం వచ్చింది. పన్నెండో నంబరు మూత పంతొమ్మిదికి బిగిస్తే వేలు దూరేంత సందు వస్తోందట. మేస్త్రి తెగ నొచ్చుకున్నారు.

"పన్నెండుకి కుట్టిన కోటు పంతొమ్మిదికి తొడిగారా? సిగ్గులేదూ?"

జవాబు నా చేత రాయించారు. నేను ఐదో తరగతిలోనే బడి మానేశాను. అదే మాటను మర్యాదగా రాయడం నాకు రాలేదు. అలాగే వెళ్ళిపోయింది.

మా ఊరు జర్మన్ల చేతిలో ఉన్న ఆ చలికాలం అందరం అలిసిపోయి ఉన్నాం. రోజుకు పన్నెండు గంటల పని. సగం విమానాలకు ఇంజన్లే రాలేదు. ముక్కుల్లేకుండా షెడ్డులో వరసగా నిలబడి ఉండేవి. లేని ఇంజన్లకు మేం మూతలు చేస్తూనే ఉన్నాం.

"మేస్త్రిగారూ, ఇంజనే లేనప్పుడు మూత ఎలా ఉంటే ఏంటండీ?" అని నా పక్కన కూర్చునే క్లేలియా అడిగేది.

"తల లేదని టోపీ వంకరగా కుడతామా?"

"మీ ఇంటావిడ ఎలా వేగుతోందండీ మీతో?"

"నలభై ఏళ్ళుగా మొక్కజొన్న సంకటే వండుతోంది. ఒకరోజు మాడుతుంది, ఒకరోజు ఉడకదు. ఒకలా ఉండదు. దేవతమ్మా!"

ఆయన విసుగంతా నా మీదే. "డెల్ఫీనా, ఇది నలభై రెండుదా? నలభై ఒకటి మొహమే పెట్టుకొచ్చిందే!" అంటూ వెనక్కి ఇచ్చేవారు. వేళ్ళు పగిలినా మళ్ళీ కొట్టేదాన్ని. మనసులో ఎంత తిట్టానో ఆ రేకుకే తెలుసు.

ఫిబ్రవరిలో కబురొచ్చింది. జర్మనీ ఫ్యాక్టరీలకు మనుషులు కావాలట. మగవాళ్ళను కొందరిని అప్పటికే రైళ్ళెక్కించారు. ఇప్పుడు మా పదకొండు పేర్లూ జాబితాలో ఉన్నాయి. మా అమ్మ మంచం పట్టి ఉంది. నేను వెళ్తే ఆమెకు పొయ్యి వెలిగించేవాళ్ళు లేరు.

జాబితా పట్టుకుని జర్మన్ అధికారి వచ్చాడు. మేస్త్రితో మా భాషలోనే బాగా మాట్లాడాడు.

"ఈ పని ఎవరైనా చేస్తారు. వేరేవాళ్ళని పెట్టుకో."

"చిత్తం. ముందు ఈ మూత ఆ పక్క విమానానికి బిగించి చూడండి."

అధికారి ప్రయత్నించాడు. పట్టలేదు. ఇంకోటి తీశాడు. మూడోదానికి కోటు విప్పాడు. నాలుగోదానికి వేలు నలిగింది.

"ఇది ఎవరు చేశారు?"

"డెల్ఫీనా."

"పాడైతే?"

"డెల్ఫీనాయే చెయ్యాలి."

"ఆమె జర్మనీలో ఉంటే?"

"ఈ విమానం ఇక్కడే ఉంటుంది సార్. ఇంజనూ లేదు, మూతా ఉండదు."

అధికారి వేలు నోట్లో పెట్టుకుని షెడ్డంతా చూశాడు. "మీరు విమానాలు చేస్తున్నారా, బట్టలు కుడుతున్నారా?" అని పదకొండు పేర్లూ కొట్టేశాడు. పోట్లాడే ఓపిక అతనికీ మిగల్లేదు.

మర్నాడు భోజనాల వేళ శాలువా మర్చిపోయి వెనక్కి వచ్చాను. మేస్త్రి ఒక్కరే ఉన్నారు. నా మూతను ఒక పెద్ద ఇనుప అచ్చు మీద బోర్లించారు. వెంట్రుక దూరే సందు లేదు. ఆయన నిట్టూర్చి, ఆకురాయి తీసుకుని ఒక మూల గోరంత అరగదీశారు.

"మేస్త్రిగారూ!"

"ముందు తలుపెయ్యి."

వేశాను. "అంటే... అచ్చు ప్రకారం చేస్తే ఏ మూతైనా ఏ విమానానికైనా పడుతుందా?"

"పడుతుంది. అప్పుడు మీ పని ఎవరైనా చేస్తారని మిమ్మల్ని రైలెక్కిస్తారు. అందుకే ఇక్కడ అరగదీసినంతా అక్కడ విమానం అంచుకి అతికిస్తున్నా. ఇక దీనికి అదే మొగుడు."

ఆయన భుజం నొక్కుకుంటూ పక్కనున్న మూతల దొంతర చూపించారు. అన్నీ నావే.

"మిగతావాళ్ళవి దేవుడి దయవల్ల వాటంతటవే వంకర. నీవే నా ప్రాణం తీస్తున్నాయి. అంత బాగా చెయ్యకమ్మా, నాకు వయసైపోయింది."