తుపాకి మందు, వాకిట్లో చెప్పులు

ఈ రోజు మా ఇంట్లోనే దొంగలా ఇరుక్కున్నాను. కంది చేలో పడే అడవిపందులను బెదిరించడానికి నాకు లైసెన్సున్న నాటు తుపాకి ఉంది. దానికి మందు కొలవడం నాయన నేర్పిన పద్ధతే. రవ్వ లేవకుండా మేకుల చెప్పులు వాకిట్లో విడవాలి. ఫ్యాను ఆపి, గది తలుపు మూయాలి. ప్రతిసారీ ఒకే కొలత రావాలంటే మధ్యలో మాట్లాడకూడదు.

సగం కొలిచేసరికి కోడలి నాయన, మా వియ్యంకుడు వచ్చాడు. నన్ను కదిలించడం ఇష్టంలేక మా ఆవిడ, "చేనుకు పోయినాడన్నా" అనేసింది.

కొలవడం అయిపోయింది. కానీ బయటికొస్తే ఆవిడ మాట పోతుంది. ఆయనేమో తలుపు పక్కనే కూర్చుని అన్నం కూడా తిన్నాడు. లోపల నేను చెమటలు కక్కుతూ, దగ్గు మింగుతూ నిలబడ్డాను.

పోతూ పోతూ ఆయన నా గది తలుపు దగ్గర ఆగాడు.

"ఏంది బావా, చేనుకు ఉత్తకాళ్లతో పోయినావా? చెప్పులు వాకిట్లోనే ఉండాయి. నేను పోతాండా, ఇంక బయటికి రా."

ఆయన వెళ్లాక నేను బయటికి వచ్చాను. మా ఆవిడే వంటింట్లోంచి ఇంకా రాలేదు. ఇప్పుడు ఆయనకు ఫోన్ చేయాలి. మొదటి మాట ఏమనాలో మీరే చెప్పండి.