వేళ్ళకు స్పర్శ వెతుక్కుంటూ పుదుచ్చేరికి

మూడు నెలల మనవణ్ణి నా చేతికివ్వడం మా అమ్మాయి మానేసింది. నోటితో ఏమీ అనదు. పిల్లాణ్ణి మంచం మీద నా పక్కన పడుకోబెట్టి, తనూ అక్కడే కూర్చుంటుంది. తప్పు తనది కాదు. ఏళ్ళ తరబడి షుగరుతో నా వేళ్ళ కొసలు మొద్దుబారాయి. చేతిలోని గ్లాసు జారిందని అది కిందపడి మోగాక గాని నాకు తెలియదు.

మా తోడికోడలి అన్న కూతురు హారికది యానాం. పుదుచ్చేరిలో రోబోల మీద పరిశోధన చేస్తోంది. "రోబో చేతికి స్పర్శ తెలిసే తొడుగులు చేస్తున్నామండి. వాటిని మీలాంటి వాళ్ళ వేళ్ళకి పెట్టి చూడాలండి, వస్తారా?" అని ఫోన్ చేసింది. ఆ పూటే సంచి సర్దుకున్నాను.

నెల్లూరులో ఉదయం రైలెక్కి, చెన్నైలో భోంచేసి, ఒంటిగంటకు సముద్రం పక్క దారిలో పోయే బస్సు పట్టుకున్నాను. వెళ్ళేవాళ్ళు ఎడమవైపు కిటికీ చూసుకోండి. కుడివైపు కూర్చుంటే నాలాగా స్థలాల అమ్మకం బోర్డులు చదువుకోవాలి, అవీ అరవంలో. నాలుగున్నరకు పుదుచ్చేరిలో దిగి, ఆటోలో ముత్తియాల్‌పేట వెళ్ళాను. హారిక అద్దెకుండే గదిలోనే నా బస. ఇంటావిడ తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగావిడ. కాఫీ ఇస్తూ, "ఈ బిడ్డ రేయింబగలు మిషన్‌కి చర్మం చేస్తా ఉంది. దాంతో మనిసికి ఏంది లాభమో" అంది. అది తేల్చుకుందామనే వచ్చానన్నాను.

మర్నాడు పదింటికి ల్యాబులో ఆ చేతిని చూశాను. మోచేతి దాకా మాత్రమే ఉన్న ఇనుప చేయి. వేలి కొసల్లో మెత్తటి రబ్బరు, దాని వెనక చిన్న కెమెరా. రబ్బరు ఎక్కడ ఎంత నొక్కుకుందో చూసి, పట్టు బిగించాలో సడలించాలో కంప్యూటరు చెబుతుంది. ఆ చేయి ఒక ఇడ్లీని చెక్కుచెదరకుండా ఎత్తి పక్క పళ్ళెంలో పెట్టింది. నాకు నిజంగా అసూయ కలిగింది.

అలాంటివే కాస్త పలచటి తొడుగులు నా బొటనవేలికీ చూపుడువేలికీ వేసి, భుజానికి ఒక పట్టీ కట్టింది హారిక. పట్టుకున్నది జారబోతే పట్టీ ఝుమ్మంటుంది. నీళ్ళ గ్లాసు ఎత్తాను. ఝుమ్మంది, బిగించాను. మళ్ళీ ఝుమ్మంది, మళ్ళీ బిగించాను. గ్లాసు పడలేదు. ఆనందం ఆపుకోలేక, "అయితే మనవణ్ణి ఎత్తుకోవచ్చా?" అని అడిగేశాను.

హారిక తల దించుకుంది. "గ్లాసు కదలకుండా ఉంటదండి అత్తయ్యగారూ. పిల్లోడు మెలికలు తిరుగుతాడు కదండి. అలాంటిదాన్ని పట్టుకోవడం మా రోబోకే ఇంకా రాలేదండి. మీకు అబద్ధం చెప్పలేను."

సాయంత్రం బీచ్ రోడ్డుకు తీసుకెళ్ళింది. సముద్రం బాగానే ఉంది, నా మనసే బాగాలేదు.

మర్నాడు ఎనిమిదింటి చెన్నై బస్సు కిక్కిరిసిపోయింది. అదృష్టం బాగుండి నాకు సీటు దొరికింది. బస్సెక్కానని హారికకు ఫోన్లో చెబుతుంటే, నా పక్కన నిలబడిన ఒకావిడ ఆ తెలుగు మాటలు విన్నట్టుంది. ఒక చేత సంచీ, ఇంకో చేత ఏడాది నిండని పిల్లాడు. "కొంచెం పట్టుకోండి పెద్దమ్మా" అంటూ వాణ్ణి నా మీదికి వంచేసింది.

"నా వేళ్ళకు స్పర్శ లేదమ్మా, జారిపోతాడు" అన్నాను కంగారుగా.

"ఒళ్ళో కూసోబెట్టుకోండి, సాలు. వాడే పట్టుకుంటాడు."

వాడు పట్టుకున్నాడు. ఒక పిడికిట్లో నా పైట, ఇంకో పిడికిట్లో నా చూపుడువేలు. వేలు పట్టుకున్న సంగతి కళ్ళతో చూస్తేగాని తెలియలేదు. కానీ ఒళ్ళో వాడి బరువు, మెడ మీద వాడి ఊపిరి బాగా తెలిశాయి. చుట్టూ మోచేతులు వేసి కూర్చున్నాను. దారిలో మరక్కాణం అనే ఊళ్ళో వాళ్ళమ్మకు సీటు దొరికింది. పిల్లాడు నిద్రపోయాడన్న సాకుతో నేను వాణ్ణి ఇవ్వలేదు.

చెన్నైలో రైలు కోసం కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను.

"ఆ తొడుగులు పనిచేశాయా అమ్మా?" అంది అమ్మాయి.

"వాటికింకా టైం పడుతుందట. నేను నేల మీద కూర్చుంటాను, వాణ్ణి నా ఒళ్ళో పెట్టు."



"చాప పరిచి ఉంచుతాను" అంది.