అంకమ్మను తీసుకురావడానికి పొదిలి దాకా

ఫిబ్రవరి చివరి బుధవారం సాయంత్రం ఆరుంబావుకి పొదిలి దగ్గరున్న మా పుట్టినూరి నుంచి ఫోన్ వచ్చింది. చేసింది లక్ష్మి, నా చిన్ననాటి స్నేహితురాలు అంకమ్మ కోడలు. అంకమ్మ కుడికంట్లో శుక్లం బాగా ముదిరిందనీ, ఎడమకన్ను కూడా మసకేననీ, గుంటూరు కంటి ఆసుపత్రిలో శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ఆపరేషను రాశారనీ, ఆమె మాత్రం కదలనని కూర్చుందనీ చెప్పింది. ఇప్పటికి రెండుసార్లు తేదీ మార్చారట. ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషను కష్టమవుతుందని డాక్టరు హెచ్చరించాడట.

"మీరొచ్చి చెబితే వింటుందేమో పిన్నిగారూ" అంది లక్ష్మి.

అంకమ్మకీ నాకూ ఒకటే ఈడు. ఇద్దరికీ డెబ్బై రెండు నడుస్తున్నాయి. ఆమె ఎందుకు భయపడుతుందో నాకు తెలుసు. ఆ భయంలో నా వాటా ఎంతో కూడా తెలుసు. అందుకే రేపే వస్తానన్నాను.

గురువారం ఉదయం ఐదూ నలభైకి చిలకలూరిపేట బస్టాండుకి చేరాను. చేతిసంచిలో ఒక చీర, మంచినీళ్ళ సీసా, ఆధార్ కార్డు, అర కిలో జంతికలు. ఒంగోలు వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఐదూ యాభై అయిదుకి బయల్దేరింది. ఆడవాళ్ళకి ఇప్పుడు టికెట్టు ఉచితం కదా, కార్డు చూపిస్తే సున్నా వేసి ఇస్తారు. దాన్ని నేను పారెయ్యను. మడిచి పర్సులో పెట్టుకుంటాను. బస్సు టికెట్టు పారేయడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

కండక్టరు ముప్పై ఏళ్ళ అమ్మాయి. జనం తగ్గాక నా ముందు సీట్లో కూర్చుని కాళ్ళు చాపుకుంది. చిన్నప్పుడు నేను కండక్టరు కావాలనుకున్నానని ఆమెకి చెప్పాను. నా వంక కాసేపు చూసింది.

"కాకపోవడమే మంచిదైందండి. నాకిప్పుడే నడుం పోయింది" అంది.

ఇంటర్లో తను నర్సు కావాలనుకుందట. వెనక సీటులో మార్టూరులో గ్రానైటు పాలిషింగు పని చేసే మనిషి మా మాటలు విని, తనకి క్రికెట్ ఆడాలని ఉండేదన్నాడు. "ఇప్పుడు మావాడు బ్యాటు పట్టుకుంటే నేనే కోప్పడుతున్నానమ్మా" అని తనే నవ్వి మార్టూరులో దిగిపోయాడు. అక్కడ రోడ్డుకి రెండువైపులా కోసిన రాతి పలకలు నిలబెట్టి ఉన్నాయి. గాలిలో ఆ పొడి ఉంటుంది, కిటికీ వేసుకోవడం మంచిది.

ఒంగోలు చేరేసరికి ఏడూ యాభై. బస్టాండు బయట రెండిడ్లీ, ఒక కాఫీ. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీలో నీళ్ళెక్కువ. పొదిలి బస్సు ఎనిమిదింబావుకి దొరికింది.

చీమకుర్తిలో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు క్యారేజీలతో ఎక్కారు. మిరప కళ్లాల్లో తాలు ఏరడానికి వెళ్తున్నారు. ఎండిన కాయల్లో రంగు పోయి తెల్లబడినదాన్ని తాలంటారు. రాశి ముందు కూర్చుని ఎర్రకాయలోంచి దాన్ని వేరుచెయ్యడం మా వైపు ఆడవాళ్ళ పని. ఒక్కొక్కరి మోచేతి పైన జానెడు తెల్లగుడ్డ కట్టి ఉంది. నేను ఎప్పుడూ చూడలేదు. నా పక్కన కూర్చున్నామెని అడిగాను.

"చెమట తుడుచుకోడానికండి. చేతుల నిండా కారం ఉంటుందిగా, మొహం మీదికి చెయ్యి పోకూడదు. చెయ్యెత్తి ఇదిగో ఇలా ఈ గుడ్డకి రాసుకోవాలి" అని తుడుచుకుని చూపించింది. "ఇది లేకుండా వస్తే మా మేస్త్రమ్మ రాశి దగ్గర కూర్చోనివ్వదు. కొత్తపిల్లలకైతే మొదటిరోజు కాయ ముట్టనివ్వకుండా పూటంతా ఇదే నేర్పుద్ది."

"మీ మేస్త్రమ్మ ఎవరు?"

"అంకమ్మగారండి. ఇప్పుడు కళ్ళు కనపడక రావడం లేదు."

కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. పొగాకు కొట్టేసిన చేలు, ఏరేసిన పత్తి కట్టెలు, అక్కడక్కడా ఎర్రగా పరిచిన కళ్లాలు.

అప్పట్లో మా పొదిలి నెల్లూరు జిల్లాలో ఉండేది. మాకు తెలిసిన అన్నిటికన్నా దూరపు ఊరు నెల్లూరే. మిరప కళ్లంలో నింపిన గోతాలు రెండు వరసలుగా పేర్చి బస్సు ఆట ఆడేవాళ్ళం. నేను కండక్టర్ని. పాత నోటు పుస్తకం చింపి టికెట్లు చేసి, తుమ్మముల్లుతో చిల్లు పొడిచి ఇచ్చేదాన్ని. వచ్చిన ఊరి పేరల్లా గట్టిగా అరిచేదాన్ని. అంకమ్మ ఎప్పుడూ మూడో గోతం మీద కూర్చునేది. ఎప్పుడూ ఒకటే అడిగేది: "నెల్లూరు ట్రైనింగు స్కూలుకి ఒకటి." ఆమెకి టీచరు కావాలని. నాకేమో ఆ తోలుసంచీ, ఆ ఈల కావాలని. ఆడ కండక్టర్లు ఉండరని మాకెవరూ చెప్పలేదు.

ఏడో తరగతిలో నెల్లూరు ఆడపిల్లల హాస్టలుకి పరీక్ష పెట్టారు. మా వైపు నుంచి తీసుకునేది ఒక్కరినే. పరీక్ష రోజు తెల్లవారుజామున మా ఇద్దరికీ చెరో రాశీ ఏరే పని ఉంది. నేను కడుపునొప్పని చెప్పి ఇంట్లో పడుకుని లెక్కలు చూసుకున్నాను. అంకమ్మ రెండు రాశులూ ఏరింది. బడికి ఆలస్యమవుతుందన్న కంగారులో చెమట కళ్ళలోకి దిగితే అదే చేత్తో రెండు కళ్ళూ నలుపుకుంది. కాంపౌండరు మందేసి కట్టు కట్టాడు. ఎనిమిది రోజులు ఉంచాడు. సీటు నాకొచ్చింది. ముప్పై నాలుగేళ్ళు లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ కడుపునొప్పి సంగతి ఎవరికీ చెప్పలేదు.

పొదిలిలో తొమ్మిదీ నలభైకి దిగాను. మా ఊరికి షేర్ ఆటో ఇరవై రూపాయలు. పదీ పదికి అంకమ్మ వాకిట్లో ఉన్నాను.

నులకమంచం మీద కూర్చుని ఉంది. నా వైపు కాక నా పక్కన ఉన్న గుంజ వైపు చూస్తూ, "సరోజేనా? చెప్పుల చప్పుడు నీదే" అంది. లక్ష్మి మజ్జిగ తెచ్చింది. మేము పిల్లల సంగతులూ, మోకాళ్ళ సంగతులూ మాట్లాడుకున్నాం. పన్నెండున్నరకి భోజనం. గోంగూర పచ్చడి, పప్పు, వడియాలు. అంకమ్మ కంచంలో అన్నం వేళ్ళతో వెతుక్కుని కలుపుకుంటోంది. నేను చూడకుండా ఉండలేకపోయాను.

భోజనాలయ్యాక ఆపరేషను మాటెత్తాను. కట్టు ఒక్కరోజే ఉంటుందనీ, మర్నాడే విప్పేస్తారనీ, నా కళ్ళు రెండూ అలాగే చేయించుకున్నాననీ చెప్పాను. తల అడ్డంగా ఊపింది. ఒక్కరోజైనా చీకటి చీకటేనంది. లక్ష్మి మొహం చిన్నబోయింది. మూడు గంటలలోపు బయల్దేరితేగానీ సాయంత్రానికి చిలకలూరిపేట చేరం. రాత్రి మా ఇంట్లో పడుకుని తెల్లారి గుంటూరు వెళ్ళాలి. గడియారం చూశాను. ఒంటిగంటా ఇరవై.

లక్ష్మి కంచాలు తీసుకుని దొడ్లోకి వెళ్ళాక చెప్పేశాను. ఆ రోజు నాకు కడుపునొప్పి లేదని.

అంకమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "నాకు తెలుసే. కడుపునొప్పి పిల్ల రెండుసార్లు చద్దన్నం పెట్టించుకుని తినిందని మీ అమ్మ ఆ రోజే చెప్పింది."

"మరి నా రాశి ఎందుకు ఏరావు?"

"లెక్కల్లో నువ్వు నాకన్నా వెనకగా. చదువుకోనీలే అనుకున్నా. కళ్ళు నలుపుకుంటానని నాకు మాత్రం తెలుసా?"

"అయితే తప్పు నాదేగా అంకమ్మా."

"నీది కాకపోతే ఎవరిది?" అంది. కోపంగా అనలేదు. కాయని చూసి తాలు అన్నట్టు అంది.

తర్వాత తనే మళ్ళీ మొదలుపెట్టింది.

"సీటు సంగతి ఎప్పుడో మర్చిపోయా. ఆ కట్టుతో ఎనిమిది రోజులు ఇదే వసారాలో పడుకోబెట్టారు. వాకిట్లో అడుగు వినపడినప్పుడల్లా నువ్వే వచ్చావనుకున్నా. ఒక్కరోజు కూడా రాలేదు నువ్వు."

అది నిజం. నా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య పదకొండు ఇళ్ళు. వెళితే నా మొహం చూసి కనిపెట్టేస్తుందని భయపడ్డాను. కళ్ళకి కట్టున్న మనిషి మొహం ఎలా చూస్తుందని అప్పుడు తోచలేదు. లెక్కల టీచర్నై ఉండి అరవై ఏళ్ళూ ఆ పరీక్ష దగ్గరే ఆగిపోయాను. ఆ ఎనిమిది రోజులు ఏనాడూ నా లెక్కలోకి రాలేదు.

"ఈసారి కట్టు విప్పేదాకా నీ మంచం పక్కనే ఉంటా" అన్నాను.

"మాట్లాడుతూ ఉండాలి. ఊరికే కూర్చుంటే ఉన్నావో లేదో నాకేం తెలుసు?"

"మాట్లాడతా."

లక్ష్మిని పిలిచి, పెట్టెలో కొత్త చీర తియ్యమంది.

రెండూ నలభైకి ఆటో ఎక్కాం. లక్ష్మి కూడా వచ్చింది. పొదిలి నుంచి ఒంగోలు, అక్కడ నాలుగూ ముప్పై అయిదుకి గుంటూరు ఎక్స్‌ప్రెస్. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక మాట: సాయంత్రం బస్సులో ఎడమవైపు కూర్చుంటే మొహం మీద ఎండ. మాకు కుడివైపే దొరికింది. అంకమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టాను. లక్ష్మి వెనక సీటులో కూర్చున్న ఐదు నిమిషాలకే నిద్రపోయింది.

ఆడపిల్లలకి ఆ మోచేతి గుడ్డ నేర్పింది నువ్వేనట కదా అని అంకమ్మనడిగాను. తన చేతికింద నలభై ఏళ్ళలో ఎంతమంది పనిచేశారో గుర్తులేదంది. కళ్ళు మండి ఇంటికెళ్ళినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరంది. నా దగ్గర చదివిన పిల్లల్లో లెక్కలు తప్పినవాళ్ళు చాలామందే ఉన్నారని నేను ఒప్పుకున్నాను.

బస్సు ఒంగోలు దాటగానే అంకమ్మ రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంది.

"రేపటికి అలవాటు చేసుకుంటున్నా. ఏ ఊరొచ్చిందో చెబుతూ ఉండు" అంది.

మొదట మెల్లగా చెప్పాను. బస్సు చప్పుడులో వినపడలేదంది. ఇంకొంచెం గట్టిగా చెప్పాను. మద్దిపాడు అన్నాను. మేదరమెట్ల వచ్చేసరికి నా గొంతు దానంతటదే లేచింది. పొడుగ్గా, చివర లాగి, కళ్లంలో అరిచినట్టే అరిచాను. ముందు సీటులో కునికిపాట్లు పడుతున్న పెద్దాయన ఉలిక్కిపడి లేచి, సంచి తీసుకుని గబగబా దిగాడు. కండక్టరు వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"అమ్మా, నా ఉద్యోగం నాకుండనివ్వండి" అన్నాడు. నాలుగు సీట్ల వాళ్ళు నవ్వారు. నాకు సిగ్గనిపించలేదు.

దారి పొడవునా ఆలోచించాను. చిన్నప్పుడు నేను కోరుకున్న బతుకుని పొద్దున బస్సులో ఆ అమ్మాయి నడుంనొప్పితో మోస్తోంది. అంకమ్మ కోరుకున్నది నాకు దక్కింది, నేను బాగానే చేశాను. అంకమ్మకి దక్కినదాన్ని మా ఇద్దరిలో ఎవరూ కోరుకోలేదు. ఇద్దరిలో బాగా పాఠం చెప్పింది మాత్రం అంకమ్మే. పొద్దున బయల్దేరేటప్పుడు ఇది నాకు తెలియదు.

ఐదూ యాభైకి మార్టూరు అని అరిచాను. రాతి పలకల మీద ఎర్రటి ఎండ పడుతోంది. అదీ చెప్పాను. తర్వాతది చిలకలూరిపేట, దిగడానికి సిద్ధంగా ఉండాలన్నాను. అంకమ్మ కళ్ళు తెరవలేదు. చెయ్యి చాపి నా మోచెయ్యి తడుముకుని పట్టుకుంది.

"కండక్టరుగారూ, నెల్లూరు ట్రైనింగు స్కూలు ఎప్పుడొస్తుందండీ?"

మాట్లాడుతూ ఉండాలని మాటిచ్చాను కదా, కండక్టరు గొంతు తెచ్చుకున్నాను.

"ఇది గుంటూరు బస్సమ్మా. ఎక్కేముందు బోర్డు చూసుకోవద్దూ?" అన్నాను.

అంకమ్మ పకపకా నవ్వింది. కళ్ళు మాత్రం మూసుకునే ఉంది.

"ఎక్కేశాగా, పోనీలే" అంది. "రైటు చెప్పు."