రెండు బొట్ల మందం

పోయిన వారం సిద్దిపేట శివారులో మా మేనమామ మనవడు ఇనుప ప్లేట్లకు రంధ్రాలు వేసే మిషన్ షాపు తెరుస్తూ, కొబ్బరికాయ కొట్టి, కొత్త మిషన్‌లో ప్లేటును ఆనించే రెండు ఇనుప అంచులకూ తడిపసుపుతో బొట్లు పెట్టాడు. అవి చూడగానే నా చెయ్యి జేబులోని రుమాలు మీదికి పోయింది.

కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో ప్లేటులో రంధ్రం సరైన చోట పడిందో లేదో మనిషే కాగితం మీద లెక్క కట్టేవాడని నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాదులో ఒక కార్ఖానాలో మామ మిషన్ నడిపేవాడు. ఆయన చెప్పి పెట్టించిన ఉద్యోగంలో నేను ఆయన పనినే తనిఖీ చేసేవాణ్ణి. ఒక దసరాకు ఆయుధపూజ అయిన మర్నాడు చేసిన ప్లేట్లన్నిటిలోనూ రంధ్రం పక్కకు నాలుగు, పైకి మూడు జరిగింది, మిల్లీమీటరులో నూరోవంతుల లెక్కన.

“ఏందల్లుడా, ఎనిమిది దాక నడుస్తది గద! నాలుగు, మూడు లోపట్నే ఉన్నయి. పంతులు లెక్క సతాయించకు” అన్నాడు మామ.

ఎనిమిదంటే రంధ్రం నడిమి బిందువు ఉండవలసిన వలయానికి వ్యాసమనీ, అంటే ఏ దిక్కుకైనా నాలుగే జరగవచ్చనీ, పక్కకు నాలుగు, పైకి మూడు కలిస్తే ఏటవాలుగా అయిదవుతుందనీ గీసి చూపితే ఆయన కాగితం వంక చూడలేదు. మామ మిషన్‌లో ప్లేటు ఆనే అంచులను గోటితో గీకితే, పూజనాడు పెట్టిన బొట్ల పసుపు ఎండి పెళ్లలుగా రాలింది. రుమాలుతో తుడిచి ఇంకో ప్లేటు చేయిస్తే రంధ్రం చోటుకే పడింది.

“దేవుని బొట్టు తుడిచినవా? నీ చేతులిర్గ!”

సభల్లో మూఢనమ్మకాల మీద నిప్పులు చెరిగే వయసు నాది. ఉన్నదున్నట్టు రాసి ఇచ్చాను. పూజలో మొదటి కాయ కొట్టిన యజమానే ప్లేట్లను తుక్కులో వేయించి, మామను పనిలోంచి తీసేశాడు. మామ మహారాష్ట్రలోని భీవండికి మరమగ్గాల పనికి పోయాడు, మళ్లీ ఎన్నడూ నన్ను అల్లుడా అని పిలవలేదు. మరుసటి దసరాకు, మిషన్‌కు దిష్టి తగిలిందంటూ, అదే చోట ఇంకా పెద్ద బొట్లు పెట్టారు.

మనవడు నా చూపు కనిపెట్టి నవ్వాడు, అచ్చం వాళ్ల తాత నవ్వే.

“ఫికర్ జెయ్యకు మామా, ఇప్పుడు లెక్కంత మిషినే జేస్తది.”

నిజమే, నేను పూటంతా కట్టిన లెక్క రెప్పపాటులో తేలుతుంది. ప్లేటు ఇనుముకు ఆనిందా, పసుపుకు ఆనిందా అని మాత్రం అది అడగదు. అడిగిన నేను ఆనాడు మామను పోగొట్టుకున్నాను, బొట్టు మాత్రం పోలేదు. రుమాలును జేబులోనే వదిలి, ప్రసాదానికి చెయ్యి చాపాను.